నల్లతలల వ్యాను

కరుణాకుమారి నెత్తి కాల్చింది మీరే. రంగు పాకెట్టు అమ్మిన బంకువాడు కాదు, మగ్గులో దాన్ని కలిపిన ఆమె చెయ్యీ కాదు. రొయ్యల కంపెనీ మేడ మీద ఏసీ గదిలో కూర్చుని "తెల్లతలలు వద్దు" అన్న మేనేజరు, ఆ మాటను ఫోన్లో కిందికి తోసేసిన కాంట్రాక్టరు, దాన్ని వ్యాను తలుపు దగ్గర ఆడవాళ్ల మొహాన కొట్టిన అతని మేస్త్రీ పెంచల్, మీరు ముగ్గురూ కలిసి కాల్చారు. మేం అగ్గిపుల్ల గీయలేదు, మాకేం సంబంధం అంటారేమో. మొదటి నుంచి చెప్తాను, వినండి. సంబంధం ఎక్కడుందో మీకే తెలిసివస్తుంది.

కరుణాకుమారిది ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న పల్లె. నలభై తొమ్మిదేళ్లు. పద్నాలుగేళ్లుగా మీ షెడ్డులో రొయ్యలు వలుస్తోంది. పొద్దున ఆరింటికి వ్యాను వస్తుంది, ఎక్కుతుంది. లోపలికి పోయాక తెల్లకోటు, రబ్బరు బూట్లు, మూతికి గుడ్డ, తలకు టోపీ. ఐసు నీళ్లలోంచి రొయ్యను తీసి, తల తుంచి, పెంకు వలిచి, వీపు మీద గాటు పెట్టి నరం లాగి పళ్లెంలో వేయాలి. సాయంత్రానికి వేళ్ల కొసలు నానబెట్టిన చిక్కుడు గింజల్లా ముడుచుకుపోతాయి. ఆమె నిలబడే రెండో టేబుల్ దగ్గర పన్నెండు మంది ఉంటారు. నరం తెగకుండా ఒక్క లాగుతో తీయడం ఆ పన్నెండు మందిలో సగం మందికి నేర్పింది ఆమే.

ఇల్లు నడిచేది ఆ వేళ్ల మీదే. మొగుడు సమాధానం రొయ్యల గుంటలకు కాపలా మనిషి. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగంతో పోయాయి. ఆసామి సగం గుంటలు ఎండబెట్టాడు. సమాధానానికి నెలలో పది రోజులు పని, ఇరవై రోజులు అరుగు. కరుణాకుమారి వ్యాను ఎక్కకపోతే ఆ ఇంట్లో పొయ్యి మీదకు ఎసరు ఎక్కదు. ఇంతకంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక గురువారం పొద్దున వ్యాను తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టి పెంచల్ చెప్పాడు.

"ఈ మూడ్రోజులు రాండి. సోమవారం నుంచి తెల్లతలలు ఎక్కేదానికి లేదు. పైనోళ్ల ఆర్డరు."

"తెల్లతలలంటే ఏందయ్యా? రొయ్యల్లో కొత్త రకమా?" అంది ఆదిశేషమ్మ. కరుణాకుమారి పక్కనే నిలబడి వలిచే మనిషి, ఆమె కంటే నాలుగేళ్లు పెద్ద, పక్క వీధి.

వ్యానంతా నవ్వింది. పెంచల్ నవ్వలేదు.

"నెరిసిన తలకాయలు. మీయే. జుట్టు నల్లగుంటేనే పని. నన్ను అడగబాకండి, నాకు చెప్పింది నేను చెప్తా ఉండా."

"లోపల టోపీ పెట్టుకుంటాం గదా పెంచలా. టోపీ కింద నలుపైతే ఏంది, తెలుపైతే ఏంది?" అంది కరుణాకుమారి.

"అయ్యన్నీ నాకు తెలవదు పెద్దమ్మా."

పెద్దమ్మా! బుధవారం సాయంత్రం దాకా అక్కా అన్నవాడు. ముప్పై అయిదేళ్లవాడికి నలభై తొమ్మిదేళ్ల మనిషి ఒక్క రాత్రిలో పెద్దమ్మ ఎట్లా అయింది? వయసు ఆమెకు రాలేదు, పైనుంచి ఫోన్లో వచ్చింది.

ఆదిశేషమ్మ కొంగు వెనక్కి తోసి తల చూపించింది. పోయిన నెలే పెంచలకోనకు పోయి నరసింహస్వామికి తలనీలాలు ఇచ్చి వచ్చింది. నున్నటి గుండు.

"నా తల్లో వెంట్రుకే లేదు. తెలుపేంది, నలుపేంది? నాది పర్మినెంటు ఉద్యోగం పోండి మే!"

"నీకేమక్కా, మీ స్వామి ఆదుకున్నాడు," అంది కరుణాకుమారి.

"మీ దేవుడు జుట్టు తీసుకోడా?"

"మనసు ఇయ్యమంటాడు."

"మనసు పెంచల్‌కి కనపడదు గదే!"

మళ్లీ నవ్వులు. కరుణాకుమారి కూడా నవ్వింది. కానీ షెడ్డు చేరేదాకా ఆమె చెయ్యి చెవుల పక్కన నెరిసిన జుట్టును కొంగు కిందికి తోస్తూనే ఉంది.

టోపీల సంగతి ఇక్కడే చెప్పాలి. అవి ఒకసారి పెట్టుకుని పారేయాల్సిన పల్చటి టోపీలు. మీరు వారానికి ఒకటి ఇస్తారు. ఆడవాళ్లు వాటిని ఉతుక్కుని, ఆరేసుకుని మళ్లీ పెట్టుకుంటారు. బుధవారానికి సాగిపోతాయి. శుక్రవారానికి రబ్బరు బ్యాండు వేసి కట్టుకుంటారు. ఇది మేనేజరుకు తెలుసు, సూపర్‌వైజరుకు తెలుసు. తనిఖీకి ఎవరైనా వచ్చే రోజున మాత్రం ఒక్కొక్కరికి కొత్త టోపీ, దాని మీద ఇంకో టోపీ!

శనివారం సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరిన కరుణాకుమారి బంకులో రెండు రంగు పాకెట్లు కొంది. జీవితంలో ఎప్పుడూ రంగు వేసుకున్న మనిషి కాదు. పాకెట్టు వెనక పేల ఈపులంత అక్షరాలు, తెలుగులో ఒక్క ముక్క లేదు. ముందు చెవి వెనక కొంచెం పూసుకుని రెండు రోజులు ఆగి చూడాలని అందులో ఉందట. తర్వాత తెలిసింది. ముందే తెలిసినా ఏం చేసేది? రెండు రోజులు ఆగితే సోమవారం దాటిపోదా?

సమాధానం అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏం మే, ఇప్పుడు షోకులు? ఎవురన్నా చూసేదానికి వస్తా ఉండారా?"

"పెంచల్ వస్తా ఉండాడు. సోమవారం ఆరింటికి. నచ్చకపోతే ఇంక నువ్వే సాకాల నన్ను."



ఆమె తలకు నూనె లేకుండా గడప దాటదు. ఆ రోజు పొద్దున కూడా దండిగా కొబ్బరినూనె పెట్టుకునే పోయింది. నూనె ఉంటే జుట్టుకు మేలే కదా అనుకుని ఆ తల మీదే రంగు పూసింది. పాత పళ్ల బ్రష్షుతో పాపిట పక్కన, చెవుల పైన, నెరుపు ఎక్కువున్న చోటల్లా దట్టించింది. పాకెట్టు మీది బొమ్మలో గడియారం అరగంట చూపిస్తోంది. అరగంటకు పట్టిన నలుపు అరగంటలో పోతుందేమోనని గంటన్నర ఉంచింది. తర్వాత బోరు నీళ్లతో కడిగింది. సముద్రం పక్క ఊరు, బోరులో వచ్చేది ఉప్పు నీళ్లు, సబ్బు నురగ రాదు. ఎంత కడిగినా తల జిగటగానే ఉంది. కారిన నీళ్లు కారిన చోటల్లా నలుపు పట్టింది.

అద్దంలో చూసుకుంది. నూనె మందంగా ఉన్న చోట జుట్టుకు రంగు పట్టలేదు, తెల్ల చారలు అట్లాగే ఉన్నాయి. నుదురు, రెండు చెవులు, మెడ వెనక మాత్రం సిరా బుడ్డి ఒలికినట్టు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

అప్పుడే వచ్చింది ఆదిశేషమ్మ. గుమ్మంలోనే కూలబడి నవ్వింది.

"ఇదేందిమే! కాల్చిన వంకాయ మాదిరుండావు!"

"నవ్వబాకక్కా. ఏది నల్లగుండాల్నో అది తెల్లగుండాది, ఏది తెల్లగుండాల్నో అది నల్లగుండాది. సోమవారం పెంచల్ చూస్తే వ్యాను కాదు, ఊరే దాటించేస్తాడు."

నవ్వు ఆపి ఆదిశేషమ్మ పనిలోకి దిగింది. చింతపండు రుద్దారు. గిన్నెలు తోమే సబ్బు రుద్దారు. నిమ్మచెక్క రుద్దారు, కిరసనాయిలు గుడ్డతో తుడిచారు. నలుపు కదల్లేదు. కింద చర్మం మాత్రం ఎర్రగా కందిపోయింది.

"మెటా ఉంటే పోద్ది," అంది ఆదిశేషమ్మ ఉన్నట్టుండి.

మెటా అంటే రొయ్యల ఊళ్లలో అందరికీ తెలిసిన తెల్లపొడి. దాని అసలు పేరు బారెడు ఉంటుంది, ఎవరికీ నోరు తిరగదు. నీళ్లలోంచి బయటికి తీసిన రొయ్యకు కాసేపటికి తల దగ్గర, కాళ్ల దగ్గర నల్లమచ్చలు పడతాయి. మచ్చ పడితే సరుకు కొనరు. అందుకని గుంటలో రొయ్య పట్టిన రోజున గట్టు మీదే ఆ పొడి కలిపిన నీళ్లలో రొయ్యల్ని ముంచి తీస్తారు. షెడ్డులో కూడా దానికి ఒక తొట్టి ఉంది. నలుపు మీద ఆ పొడికి ఉన్న పెత్తనం ఈ తీరంలో చిన్నపిల్లనడిగినా చెప్తుంది.

"రొయ్యకే నలుపు రానీదు. మనిషికి రానిస్తదా?" అంది ఆదిశేషమ్మ.

ఎంత తెలివైన మాట! పద్నాలుగేళ్లు రొయ్యల మధ్య బతికిన ఆడవాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టని మాట. ఎంత తప్పు మాట కూడా. ఆ పొడి రాబోయే నలుపును ఆపుతుంది. వచ్చి కూర్చున్న నలుపును మర్యాదగా లేపి పంపించే పని దానిది కాదు. పైగా తొట్టిలో మునిగే రొయ్య చచ్చి ఉంటుంది, దానికి మంట తెలియదు.

షోకులని ఎగతాళి చేసినందుకు మనసులో గుచ్చుకుంటోందేమో, సమాధానం మోపెడ్ తీశాడు. గుంట దగ్గర షెడ్డులో మిగిలిన మూటలోంచి ప్లాస్టిక్ కవర్లో నాలుగు గుప్పెళ్లు తెచ్చి ఇచ్చాడు.

"ఎంత కలపాల?" అంది కరుణాకుమారి.

"గట్టు మీద క్రేటుకు రెండు గుప్పెళ్లు వేస్తారు. తలకాయకి ఒకటి చాలదా?" అన్నాడు సమాధానం.

గుడ్డ ముంచి నుదురు తుడిచారు. నలుపు గోధుమరంగుకు తిరిగింది.

"పోతా ఉండాది! పోతా ఉండాది!" అని ఆదిశేషమ్మ అరిచింది. సమాధానం దీపం దగ్గరికి జరిపి చూసి, "అవును మే, పోతా ఉండాది," అన్నాడు. ముగ్గురూ పిల్లల్లా సంబరపడిపోయారు. ఆ సంబరంలో మిగిలిన నీళ్లన్నీ తల మీద పోశారు. చారలన్నీ ఒక్క తీరుకు వస్తే ఆదివారం మళ్లీ కొత్తగా నల్లరంగు వేసుకోవచ్చునని లెక్క.

కాలిన అగ్గిపుల్లల వాసన గదంతా నిండింది. కరుణాకుమారికి గొంతు పట్టేసింది, దగ్గు ఆగలేదు. తల భగ్గున మండింది.

"మండుతుందా?" అన్నాడు సమాధానం.

"మండితేనే గదా పనిచేస్తా ఉన్నట్టు," అంది.

ఈ మాట ఆమెకు ఎవరు నేర్పారు? మీరు. షెడ్డులో చేరిన మొదటి వారం చేతులు మండుతున్నాయని సూపర్‌వైజరుకు చూపించింది. "ఏం కాదు, అలవాటైపోతుంది" అన్నాడు. వేళ్ల సందుల్లో చర్మం ఊడితే ఏం కాదన్నారు. గోళ్లు పసుపు పచ్చబడితే ఏం కాదన్నారు. మంటంటే ఏం కాదని పద్నాలుగేళ్లు చెప్పించుకున్న మనిషి, నెత్తి మండుతుంటే కూడా ఏం కాదనుకుని కూర్చుంది. అరగంట కూర్చుంది.

ఆదివారం పొద్దున ఆమెకు కళ్లు తెరుచుకోలేదు. రెప్పలు ఉబ్బి మూసుకుపోయాయి. నుదురు పూరీలా పొంగింది. పాపిట పొడుగునా పొక్కులు, వాటిలోంచి నీరు కారి జుట్టంతా అట్ట కట్టింది. తెల్లవీ పోయాయి, నల్లవీ పోయాయి. తల మొత్తం తుప్పు పట్టిన రేకు రంగులో ఉంది. చర్చిలో మొదటి గంట కొట్టారు. సమాధానం మంచం పక్కన నేల మీద కూర్చుని ప్రభువా, ప్రభువా అంటున్నాడు.

"ఆస్పత్రికి పోదాం లే మే."

"ముందు రేవతి కాడికి," అంది.

ఇందుకూరుపేటలో తన ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లర్ నడుపుతుంది రేవతి. డాక్టరు మొహం బాగుచేస్తాడు గానీ జుట్టు నల్లగా చేయడు. రేపు సోమవారం. కళ్లు కనిపించని మనిషికి సోమవారం కనిపిస్తోంది. అదీ మీ ఆర్డరు బలం.

తలకు తువ్వాలు చుట్టి మోపెడ్ మీద తీసుకుపోయాడు. రేవతి తువ్వాలు విప్పి రెండడుగులు వెనక్కి వేసింది.

"నూనె తల మీద వేసినావా అక్కా?"

"ఊఁ."

"ఎంతసేపు ఉంచినావు?"

"గంటన్నర."

"ఇది ఒట్టి రంగు పని గాదు. దాని మీద ఏం పోసినావు?"

 పక్కనే నిలబడ్డ సమాధానం చెప్పాడు. "మెటా."

"మెటానా? రొయ్యల మెటానా? అయ్యో, నెత్తిన అదెట్టా పోసినారన్నా, మీకేమన్నా..." రేవతి ఆ మాట మింగేసింది.

"తిట్టేది మళ్లా తిడుదువుగాని. దీని మీద నల్లరంగు వెయ్యమ్మాయ్. రేపు ఆరింటికి వ్యాను."

"ప్రాణం పోయినా వెయ్యను. దీని మీద నూనె చుక్క కూడా పడగూడదు."

"వెయ్యకపోతే పని పోద్ది."

"పని పోతే ఇంకో పని అక్కా. కళ్లు పోతే?"

"ఇంకో పనా? యాడుందో చూపియ్యి, పోతా. పద్నాలుగేళ్లు రొయ్య వలిచిన వేళ్లమ్మా ఇవి. వీటికి ఇంకేం తెలుసు?"

 ఆ పని ఎక్కడుందో మీరైనా చూపించగలరా?

రంగు వేయనన్నా, రేవతి చేయాల్సింది చేసింది. తాగే నీళ్ల క్యాన్లు రెండు విప్పి, కుర్చీలో వెనక్కి వాల్చి, ఆ మంచినీళ్లను సన్నటి ధారగా చాలాసేపు తల మీద పోసింది. గోరు తగలనివ్వలేదు, గుడ్డతో రుద్దలేదు. తర్వాత కత్తెర తీసుకుని, అట్ట కట్టిన జుట్టును పొక్కులకు తగలకుండా కొంచెం కొంచెంగా కత్తిరించింది. చివరికి తల మీద మిగిలింది బొటనవేలి గోరంత పొడవు. నడుం దాకా ఉండే జుట్టు గచ్చు మీద పడింది. కరుణాకుమారి ఏడవలేదు. ఉబ్బిన కళ్లలోంచి నీళ్లు ఎట్లాగూ కారుతున్నాయి, ఏవి ఎందుకు కారుతున్నాయో ఎవరికి తెలుసు?

రేవతే తోడు వెళ్లి ఆటోలో నెల్లూరు ఆస్పత్రికి చేర్చింది. సూది వేశారు, మాత్రలు ఇచ్చారు, పూతమందు రాశారు. డాక్టరు ఒక్కటే గట్టిగా చెప్పాడు. ఈ మనిషి ఒంటికి ఆ రంగు పడదు. ఇంకోసారి వేస్తే ఈసారి మొహం కాదు, గొంతు వాచి ఊపిరి ఆగుతుంది. జన్మలో ముట్టుకోవద్దు.

అంటే కరుణాకుమారి తల ఇక ఎప్పటికీ నల్లబడదు. ఆ దారి మూసుకుపోయింది.

సోమవారం ఆరింటికి వ్యాను వచ్చింది, పోయింది. కరుణాకుమారి చీకటి గదిలో పడుకుని హారను విన్నది.

సాయంత్రం ఆదిశేషమ్మ వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"వ్యానంతా కాకుల గుంపు మే. అందరికీ ఒకటే నలుపు. చెవులు కూడా నల్లగా. పెంచల్ గాడు ఒక్కొక్కరి ముసుగు తీయించి, సంతలో గొడ్లను చూసినట్టు చూసినాడు. ఏ మూలన్నా తెలుపు కనపడినోళ్లని, నీతో కలిపి పదకొండు మందిని దించేసినాడు."

"మన టేబుల్ కాడ?"

"నలుగురు. కొత్త పిల్లోల్ని పెట్టినారు. నరం తెంపి తెంపి పెడతా ఉండారు." కొంగు కొస వేలికి చుట్టుకుంది. "నన్ను తిట్టు కరుణా. పొడి పేరు చెప్పింది నేనే."

"నిన్ను తిట్టి ఏం చేసుకోనక్కా? లోపలికి రా, కూర్చో."

ఆదిశేషమ్మ లోపలికి రాలేదు. గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది.

గురువారానికి కళ్లు తెరుచుకున్నాయి. నుదురు చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది. కరుణాకుమారి ఉతికిన చీర కట్టుకుని, తల కప్పుకోకుండా ఆరింటికి వ్యాను దగ్గర నిలబడింది.

పెంచల్ మొహం చిట్లించాడు.

"ఏందిది? తలకాయని ఎవురన్నా కొరికినారా? పొక్కులతో తినే సరుకు కాడికి రానీరు. చర్మం జబ్బుంటే లోపలికి లేదు. అది రూలు."

"తెల్లగుంటే ఒక రూలు. నల్లగా చేసుకోబోతే ఇంకో రూలు. ఏ రూలుకూ తగలని తల ఎట్టుంటదో నువ్వే చెప్పు పెంచలా, చేయించుకుంటా."

ఈసారి వ్యానులో ఎవరూ నవ్వలేదు. తలుపు మూసుకుంది. కిటికీ లోంచి ఆదిశేషమ్మ చూస్తూనే ఉంది, దిగలేదు. ఆమెకూ ఇల్లుంది.

కరుణాకుమారి షేర్ ఆటో ఎక్కి కంపెనీ గేటు దగ్గర దిగింది. వాచ్‌మన్ ముత్యాలయ్య పాత మనిషి, ఆమెను చూసి కుర్చీలోంచి లేచాడు. మేనేజరును కలవాలంది. మాట పూర్తికాకముందే మేనేజరు కారే వచ్చింది. ఆమె కారుకు అడ్డం నిలబడింది. ఆ తలను చూసి డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక అద్దం దిగింది.

మేనేజరు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మెత్తగా, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా, మీ మీద కోపం కాదు. సరుకు నాణ్యత సమస్య. బయటి దేశంలో మన పెట్టె విప్పితే రొయ్యల్లో తెల్ల వెంట్రుక దొరికింది. నల్ల వెంట్రుకైతే టేబుల్ మీదే కనబడుతుంది, ఏరేస్తారు. తెల్లది తెల్ల మాంసంలో కలిసిపోతుంది. అందుకని తీసుకున్న నిర్ణయం."

అప్పటికి గానీ ఆమెకు అసలు కారణం తెలియలేదు. ఒక్క వెంట్రుక. టోపీలు సరిగా ఇవ్వడానికి బదులు పదకొండు మంది ఆడవాళ్లను తీసి పారేశారు.

"ఆ వెంట్రుక నాకొకసారి చూపియ్యండి సార్."

అతను ఫోనులో ఉన్న ఫొటో తెరిచి, వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. వాచిన కళ్లు చికిలించి ఆమె చూసింది. రోజుకు కొన్ని వేల రొయ్యల వీపులోంచి సన్నటి నరాన్ని పట్టుకుని లాగిన కళ్లు అవి. వలలు ఆరేసే ఊళ్లో పుట్టిన కళ్లు.

"ఇది వెంట్రుక గాదు సార్."

"మరి?"

"వల పోగు. ప్లాస్టిక్‌ది. వెంట్రుకకి ఒక కొస కుదురు ఉంటది, ఇంకో కొస సన్నబడతది. దీనికి రెండు కొసలూ తెంపినట్టు మొద్దుగా ఉండాయి, చూడండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే లావు. గుంటలో రొయ్య పట్టేటప్పుడు వల తెగి సరుకులో వస్తాయి. మా టేబుల్ కాడ వారానికి రెండు మూడు దొరకతాయి. తీసి సూపర్‌వైజరుకు ఇస్తాం. ఆయన నేల మీద పారేస్తాడు."

మేనేజరు ఫోనును దగ్గరికి తెచ్చుకున్నాడు. కొసలు చూశాడు. ఇంకా పెద్దది చేసి మళ్లీ చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైన సంగతి ఆమెకూ తెలిసింది, గేటు పట్టుకుని నిలబడ్డ ముత్యాలయ్యకూ తెలిసింది.

"కావచ్చు," అన్నాడు. "కానీ ఇప్పుడేం చేయలేం. సోమవారమే ఆ సరుకు కొన్నవాళ్లకు ఉత్తరం పంపేశాం. నెరిసిన జుట్టున్న కార్మికులను తొలగించాం, ఇకమీదట జరగదు అని. వాళ్లు సరేనన్నారు. అయిపోయింది. మళ్లీ కెలికితే కంపెనీకి చెడ్డపేరు."

"మరి మేము సార్?"

"ముందు ఆ తల మాననీ. జుట్టు పెరిగాక చూద్దాం."

"తెల్లగానే పెరగతది సార్."

అద్దం పైకి లేచింది. కారు లోపలికి పోయింది.

ఇదీ జరిగింది. వల పోగుకు బదులు మనుషుల్ని ఏరేశారు. తప్పు తెలిసి కూడా సరిదిద్దలేదు, ఎందుకంటే ఉత్తరం పోయింది! ఉత్తరం వెనక్కి రాదట. పదకొండు మంది మాత్రం ఇళ్లకు వెనక్కి పోవాలట.

ముత్యాలయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నేను లోపలికి పంపలేనక్కా, నా పని పోద్ది. ఒకటి చెప్తా. గేటుకి వచ్చినోళ్లు ఈ బుక్కులో రాయొచ్చు. పేరు, ఊరు, వచ్చిన పని. సాయంత్రం ఇది మేడ మీదికి పోద్ది. ప్రతి పేజీకి సారు సంతకం పెట్టాల్సిందే. తనిఖీకి వచ్చినోళ్లు కూడా దీన్నే అడగతారు."

కరుణాకుమారి పెన్ను తీసుకుంది. మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది, అక్షరాలు గుండ్రంగా వస్తాయి. పేరు రాసింది. ఊరు రాసింది. మూడో గడిలో వచ్చిన పని మొదలుపెట్టింది.

"ఆ గడి అంతే ఉంటదక్కా, చిన్నగా రాయి," అన్నాడు ముత్యాలయ్య.

"పక్క గడి కూడా నాదే," అంది. ఆ గడి నిండింది, కింది వరస నిండింది, తర్వాతి పేజీ కూడా తిప్పింది. పెద్ద అక్షరాలతో, నొక్కి నొక్కి రాసింది:

"అది వెంట్రుక కాదు, వల పోగు. మీకు తెలుసు. పంపిన ఉత్తరం తప్పని ఇంకో ఉత్తరం ఇవాళే రాయండి. రాసింది షెడ్డులో అందరి ముందు తెలుగులో చదవండి. తెల్లతలలు వద్దన్న మాట ఎవరన్నారో వాళ్లే వచ్చి ఆ మాట తీసేశామని చెప్పాలి, పెంచల్‌తో చెప్పించొద్దు. మనిషికి రోజుకో టోపీ ఇవ్వండి. మెటా తొట్టి దగ్గర చేతులు పెట్టేవాళ్లకు తొడుగులు ఇవ్వండి, చేతులు మండితే ఏం కాదని ఇంకెవరికీ చెప్పొద్దు. నా తల మానేదాకా నా చోటు నాకే ఉంచండి. మిగిలిన పదిమందికి ఏ పొక్కులూ లేవు, ఏ జబ్బూ లేదు, వాళ్లను రేపు ఆరింటికి వ్యాను ఎక్కించుకోండి. మేం పదకొండు మందిమీ అక్కడే ఉంటాం. దీని కింద సంతకం పెట్టండి."